మంచుకు తెల్లరంగు అక్కర్లేదు

తెలుగులో మంచు అన్న ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటాం. హిమాలయాల మీద పేరుకునేదీ మంచే, పుష్యమాసంలో తెల్లారేసరికి గొలుగొండ కొండల్ని మాయం చేసేదీ మంచే, గడ్డిపరకల మీది తడీ మంచే. చలిదేశాలవాళ్లకు ఇది మాటల కరువనిపించొచ్చు. పాత చైనా సిరా చిత్రాల్లోని శీతకాలపు కొండల్ని చూస్తే మాత్రం మన కలగాపులగమే నయమనిపిస్తుంది. అక్కడి చిత్రకారుడు కూడా శిఖరం మీది హిమాన్నీ, లోయలోని పొగమంచునూ ఒకే పద్ధతిలో చూపించాడు. రెండుచోట్లా ఏమీ వెయ్యకుండా వదిలేశాడు.

ఆ సిరా పైన్ కట్టె మసిలో జిగురు కలిపి ఆరబెట్టిన కడ్డీ. సానమీద గంధం తీసినట్టు నీళ్లతో అరగదీస్తే నలుపు దిగుతుంది. చైనా చిత్రకారుడు ఫాన్ క్వాన్ పట్టుగుడ్డ మీద వేశాడని చెప్పే మంచు అడవి బొమ్మ ఒకటి తియాంజిన్ మ్యూజియంలో ఉంది. అందులో ఆకాశానికి పలచటి సిరా పూత, రాతి పగుళ్లకు చిక్కటి సిరా. కొండ నెత్తిన మాత్రం ఉత్త పట్టు. ఆ పట్టు ఏనాడో టీనీళ్ల రంగుకు తిరిగింది. అయినా కంటికి అది తెల్లటి మంచే. తెలుపు రంగులో లేదు, పక్కనున్న నలుపులో ఉంది. కళ్ళాపి చల్లిన నేల మీద ముగ్గు తేలడం వంటిదే, కాకపోతే ఇక్కడ పిండి కూడా లేదు. కొందరు గవ్వల సున్నం చిలకరించి మంచు కురిపించారు కదా అనొచ్చు. నిజమే, కానీ అది పడుతున్న మంచు. పడి నిలిచిన మంచుకు వాళ్లలోనూ ఎక్కువమంది ఖాళీనే నమ్ముకున్నారు. ఖాళీ వదలడంలో పనితనమేముందంటారా? ఒకసారి పట్టులో ఇంకిన సిరా మళ్లీ రాదు. ఎక్కడ వెయ్యకూడదో కుంచె తడవకముందే తేల్చుకోవాలి. హిమానికైతే అంచు తెగినట్టుండాలి, పొగమంచుకు అంచే ఉండకూడదు. కష్టమంతా ఆ అంచు దగ్గరే. మరో చైనా చిత్రకారుడు గువో షీ చేతిలో పీత గోళ్లలా వంగిన మోడుకొమ్మలు కూడా మొదలు దగ్గర నల్లగా పుట్టి పొగమంచులోకి వెళ్లేకొద్దీ కరిగిపోతాయి.

ఈ తూర్పుగాలి మనదాకా రాకపోలేదు. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సోల నుంచి అవనీంద్రనాథ్ ఠాగూర్ వాష్ పద్ధతి అందుకున్నాడు. ప్రమోద్‌కుమార్ చటర్జీ దాన్ని బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చాడు, అడివి బాపిరాజు అక్కడ నేర్చుకున్నాడు. కాగితమంతా రంగు పూసి, నీళ్లలో ముంచి, మళ్లీ పూసే పని అది. మసక వచ్చింది గానీ ఖాళీ రాలేదని నా అభిప్రాయం.

హిమం ఎరగని ఊళ్లో ఈ బొమ్మలు ఎవరికి పడతాయన్నది చివరి అభ్యంతరం. టాంగ్ కాలపు వాంగ్ వెయ్ హిమపాతంలో అరటిచెట్టు వేశాడట. రుతువులు తెలియనివాడని కొందరు వెక్కిరిస్తే, 11వ శతాబ్దంలో పండితుడు షెన్ క్వో అతని పక్షాన వాదించాడు. చలికి చచ్చే చెట్టు హిమంలో పచ్చగా ఎలా ఉంటుందన్నది అక్కడి పేచీ. ఆ బొమ్మకు తెలుగులో ‘మంచులో అరటి’ అని పేరుపెట్టి చూపిస్తే గొలుగొండలో ఎవరూ తప్పుపట్టరు; పుష్యమాసంలో పెరట్లో రోజూ కనిపించేదే.