దండం పెట్టని గొల్లభామ

రావల్కోల్ చుట్టుపక్కల ఇప్పుడు వెంచర్ల బోర్డులకు కొదవలేదు. అయినా మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పోయే దారుల్లో వేప ఇంకా దొరుకుతుంది. పొలం గట్టున ఒకటి, ప్రహరీ వెనక ఒకటి, ప్లాట్ల హద్దురాళ్ల మధ్య ఎవరూ కొట్టకుండా వదిలేసింది ఒకటి. పొద్దున్నే ఆ మొదలుకు ముక్కు ఆనించేంత దగ్గరగా ఒక మనిషి నిలబడితే దారినపోయేవాళ్లు ఆగకుండా ఉండరు. ఈ కాలమ్ రాసే మనిషిని కూడా ఆపి అడిగారు.

"ఏమన్న పోయిందా సారూ?"

పోలేదు, గొల్లభామను వెతుకుతున్నానంటే బర్రెలు తోలుకుపోతున్న ఆ పెద్దాయన నవ్వాడు. "గొల్లభామనా? అది గడ్డిల ఉంటది గని, మాను మీదేముంటది?"

ఆయన తప్పేం లేదు. గొల్లభామ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది పచ్చటి ఒళ్లు, ఎత్తిన మెడ, ఎదుట ముడిచిన రెండు చేతులు. గ్రీకులకు అందులో జోస్యుడు కనిపించాడు. 'మాంటిస్' అంటే వాళ్ల భాషలో అదే అర్థం. ఇంగ్లిషువాళ్లకు ప్రార్థన కనిపించింది. మనవాళ్లకు గొల్లపిల్ల కనిపించింది. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి పట్టుకుంటే వచ్చే సిద్దిపేటలో అదే పేరుతో చీర కూడా ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేతలో కుండ నెత్తినెత్తుకున్న గొల్లభామ బొమ్మలు వరుస కడతాయి. (మిడతను కూడా గొల్లభామ అనేవాళ్లున్నారు. ఆ పంచాయితీ ఇక్కడ తెగదు.) పురుగుకు పెట్టిన పేర్లలో జోస్యుడూ ప్రార్థనా ఆ భంగిమను చూసి పుట్టినవే. వేప బెరడు మీది చిన్న గొల్లభామకు ఆ భంగిమే లేదు. కళ్లెదుట ఉన్నా కనపడకపోవడానికి సగం కారణం ఇదే.

దాని ప్రజాతి పేరు హంబర్టియెల్లా. శ్రీలంకలో పురుగులు సేకరించిన జెనీవా ప్రకృతి పరిశీలకుడు అలోయిస్ హంబర్ట్ పేరును 1869లో ఆన్రీ ద సస్యూర్ దీనికి పెట్టాడు. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ దీని జాతులున్నాయి. పొడవు అంగుళం పైచిలుకు. ఒళ్లు పైనుంచి ఎవరో అరచేత్తో అదిమినట్టు చదునుగా ఉంటుంది. బూడిద, గోధుమ, నలుపు మచ్చలు కలిసి అచ్చం బెరడే. తరచు తల కిందికి పెట్టి, మానుకు అతుక్కుపోయి ఉంటుంది. నీడ కూడా పడనివ్వదు.

మన దేశపు గొల్లభామల మీద టి.కె. ముఖర్జీ, ఎ.కె. హజ్రా, ఎ.కె. ఘోష్ 1995లో ప్రచురించిన జాబితాలో 162 జాతులున్నాయి. మనలో ఎక్కువమందికి తెలిసింది ఒకటో రెండో.

బెరడు గొల్లభామను చూడటం ఒక పని, నేర్చుకోవాల్సిన పని. మొదట్లో ఎవరైనా ఆకారం కోసం వెతుకుతారు. అరగంట గడుస్తుంది, మెడ పట్టేస్తుంది, చీమలు తప్ప ఏమీ కనపడవు. ఆ తర్వాత ఆకారాన్ని వదిలేసి కదలికను పట్టుకోవడం అలవాటవుతుంది. మాను మీద అరచెయ్యి మెల్లగా జరిపితే, అవతల ఒక బెరడు ముక్క చటుక్కున పక్కకు పరుగెడుతుంది. మనం ఇటు తిరిగితే అది అటు తిరుగుతుంది. చెట్టు చుట్టూ తిరిగి తిరిగి మనిషికే కళ్లు తిరుగుతాయి. ఇద్దరుంటే ఈ పని సులువు, చెరో వైపు నిలబడొచ్చు. గంటల తరబడి ఒకేచోట కాచుకుని కూర్చునే జీవి అని గొల్లభామకు పేరు. ఇదేమో ఉరికే రకం.

ఈ పద్ధతి మన వేపకే పరిమితం కాదు. అమెరికా ఖండపు అడవుల్లో లిటుర్గూసా అనే గొల్లభామలు కూడా మాను మీదే చదునుగా బతుకుతాయి. గావిన్ స్వెన్సన్ అనే పరిశోధకుడు 2014లో వాటిని తిరగేసి 19 కొత్త జాతులను లెక్కకు తెచ్చాడు, ఒకదానికి అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ పేరు కూడా పెట్టాడు. అవి కూడా తిండి వెంట పరుగెత్తుతాయి, మనిషిని చూస్తే మాను వెనక్కు జారుకుంటాయి. ఎక్కడెక్కడి గొల్లభామలో ఎవరికి వారే మాను మీద కాపురం పెట్టి ఒకే వేషం కట్టాయి.

గొల్లభామ కూడా కదలికనే చూస్తుందన్నది ఇంకా ముచ్చటైన సంగతి. దానికి రెండు పెద్ద కళ్లు, నడినెత్తిన మూడు చిన్నవి. పెద్ద కళ్లలో కదిలే నల్లచుక్క మనల్నే చూస్తున్నట్టుంటుంది కానీ అది వెలుగు చేసే మాయ, కంటిపాప కాదు. రెండు కళ్ల చూపును కలిపి దూరం అంచనా కడుతుందని సామ్యుయెల్ రోసెల్ 1983లో నిరూపించాడు. ఆ తర్వాత న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో జెన్నీ రీడ్ బృందం ఆఫ్రికా జాతి గొల్లభామలకు బుల్లి రంగుటద్దాలను తేనెమైనంతో అతికించి, వాటికి త్రీడీ సినిమా చూపించింది. తెర మీది బొమ్మ పురుగు దగ్గరికి వచ్చినట్టు కనపడగానే అవి చేతులు చాచి కొట్టాయి. 2018లో తేలింది ఏమిటంటే, నిలిచి ఉన్న బొమ్మను కాకుండా మారుతున్న చోటును మాత్రమే అవి లెక్కలోకి తీసుకుంటాయి. వేప దగ్గర నిలబడి నేర్చుకున్న పాఠం దానికి పుట్టుకతోనే వచ్చు.

చెవి సంగతి మరీ వింత. చాలా గొల్లభామలకు చెవి ఒక్కటే, అదీ తల మీద కాదు, రొమ్ము అడుగున కాళ్ల మధ్య గాడిలో. డేవిడ్ యేజర్, రోనాల్డ్ హోయ్ 1986లో సైన్స్ పత్రికలో ఈ సంగతి బయటపెట్టారు. గబ్బిలం కూత వినడానికి అది పనికొస్తుంది. ఎగురుతున్న గొల్లభామ ఆ కూత వినగానే గిరుక్కున తిరిగి కిందికి దూకుతుంది. అలా రాత్రిపూట ఎగిరి వెంచర్ గేటు లైటు దగ్గరికి వచ్చేవాటిలో మగవే ఎక్కువ.

మొగుణ్ని తినే కథ అడగకుండానే అందరూ చెబుతారు. అది జరగదని కాదు, కానీ గాజుపెట్టెలో ఆకలి మీద ఉంచిన ఆడపురుగు చేసిన పనిని జాతి మొత్తానికి అంటగట్టడం అన్యాయం. లిస్కే, డేవిస్ అనే పరిశోధకులు 1980లలో చైనా గొల్లభామలకు కడుపునిండా మేత పెట్టి, అలజడి చేయకుండా కెమెరాతో గమనిస్తే మగవి క్షేమంగా వెళ్లిపోయాయి.

వానాకాలం గడిచే వేళకు ఆడవి గుడ్లు పెడతాయి. గుడ్లతో పాటు నురుగు వదిలి, కొమ్మకో బెరడుకో రాయికో అతికిస్తాయి. నురుగు కాసేపటికే గట్టిపడి గూడవుతుంది. దాన్ని కూడా ఛేదించే జీవి ఉంది: పొడాగ్రియన్ అనే బుల్లి కందిరీగ పొడవాటి సూదిని గూటిలోకి దింపి, గొల్లభామ గుడ్ల మీద తన గుడ్లు పెట్టిపోతుంది. పిల్లలకు బదులు గూట్లోంచి కందిరీగలు వస్తే, పెంచుకుందామని తెచ్చుకున్నవాళ్లు తెల్లబోతారు.

2021లో తెలంగాణ అంతటా వేపలు కొసల నుంచి ఎండిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోమాప్సిస్ శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ పని అది. శిలీంధ్రం మందుతో పాటు పురుగుమందు కూడా కొట్టమని సలహాలు వచ్చాయి. ఆ మందు టీ దోమనూ గొల్లభామనూ వేరు చేసి చూడదు. వేపలు తర్వాత చాలాచోట్ల చిగిర్చాయి. మాను మీది పురుగులు ఎన్ని మిగిలాయో ఎవరు లెక్కపెట్టారు?

ఇక ఊళ్లలో చెట్ల మొదళ్లకు జాజు, సున్నం పట్టీలు వేసే ఆచారం. చూపుకు బాగుంటుంది, కాదనలేం. తెల్లటి పట్టీ మీద బూడిదరంగు పురుగు మాత్రం పిట్టకు వడ్డించిన విస్తరే. సున్నం వద్దనడం లేదు. బ్రష్షు పెట్టేముందు మాను ఒకసారి చుట్టి చూడండి. ఎండిన నురుగు ముద్ద ఏదైనా అతుక్కుని కనిపిస్తే ఆ బెత్తెడు చోటు వదిలేసి మిగతాది వేసుకోండి.