ఆరు చుక్కలలో తెలుగు: పరికరము, గురువు – ఒక విమర్శ

ఒక ప్రాంతమున తెలుగు నిలిచియున్నదా లేదా యని తెలిసికొనుటకు పాఠశాలలను, గ్రంథాలయములను, నాటక సమాజములను లెక్కించుట పరిపాటి. ఆ లెక్కలో చూపులేని పిల్లల కొరకు ఒక వరుస యుండుట అరుదు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురములోనో, షోలాపురములోనో తెలుగింట పుట్టిన అంధబాలిక తల్లిభాషను వినగలదు, మాటలాడగలదు. చదువగలదా, వ్రాయగలదా యన్నదే ప్రశ్న. ఇందులకు వలయు సాధనములు లేకపోలేదు. ఆ సాధనమును చేతికిచ్చి నేర్పగల గురువు కొరతయే అసలు కొరత.

లూయీ బ్రెయిలీ యను ఫ్రెంచి అంధుడు 1829లో ప్రకటించిన లిపి ఆరు చుక్కల గడిపై నిలిచినది. ఆ చుక్కల కూర్పువలన 63 రూపములేర్పడును. మన దేశమున 1887లో అమృతసరస్సులో అంధుల పాఠశాల వెలసినది. 1890లో పాళయంకోటలో మరియొకటి యేర్పడినది. తొలినాళ్ళలో ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క చుక్కల పద్ధతి నడచెను. 1951లో దేశభాషలకు ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ స్థిరపడినది. ఒకే ధ్వనికి భాష మారినను సాధ్యమైనంతవరకు ఒకే గడి యుండవలెననుట దీని మూలసూత్రము. ‘క’ యనునది తెలుగున, కన్నడమున, తమిళమున, ఒడియాలో, మరాఠీలో ఒకటే: ఒకటవ, మూడవ చుక్కలు.

పొరుగు రాష్ట్రములలోని తెలుగువారికి ఈ సూత్రమెంతటి మేలో పలువురు గుర్తించినట్లు కనబడదు. చూపుగల బాలునికి తమిళము తరువాత తెలుగు నేర్చుట రెండవ అక్షరాభ్యాసము. అంధబాలునికి అట్లు కాదు. కన్నడ బ్రెయిలీ తెలిసినవానికి తెలుగు అక్షరములు దాదాపు తెలిసినట్లే. ‘అమ్మ’ యను మాటకు రెండు భాషలలోను అవే నాలుగు గడులు. ఒడియా చదివినవాడు ముఖ్యముగా హ్రస్వములైన ఎ, ఒ లకు గల గడులను కొత్తగా పట్టుకొనవలెను. తమిళము చదివినవానికి ఖ, గ, ఘ వంటి వర్గాక్షరములు కొత్తవి. కనుచూపునకు అయిదు లిపులుగా విడిపోయిన భాషలు వ్రేలికొనకు ఇంచుమించు ఒకే లిపిగా నున్నవి.

ఇంతటి సౌలభ్యముండియు ఫలము చేతికందకుండుటకు కారణము బోధనలోనున్నది. ముద్రిత తెలుగును మాత్రమెరిగిన ఉపాధ్యాయుడు ‘అమ్మ’లో మకారము క్రింద మ వత్తు వ్రాయించును. బ్రెయిలీలో క్రింద అను మాటయే లేదు. అ, ఆపై నాలుగవ చుక్క మాత్రముగల గడి, తరువాత మ, మ – ఇది వరుస. ఆ చుక్క ముందుగా వచ్చి, తరువాతి హల్లునకు అచ్చు లేదని తెలుపును. గుణింతమును ఇట్టిదే. గుడి, కొమ్ము, ఏత్వము అను ఆకారములు లేవు. ‘కి’ యనగా క గడి, ఆ ప్రక్కన ఇ గడి. ఇది తెలియక గుణింతపు గుర్తుల రూపములను వర్ణించి వల్లె వేయించుట పిల్లకు వృథాశ్రమ. ఇక పలకపై స్టైలసుతో పొడుచునపుడు కుడినుండి యెడమకు వ్రాసి, కాగితమును త్రిప్పి యెడమనుండి కుడికి చదువవలెను. స్వయముగా పొడిచి చూడని ఉపాధ్యాయుడు ఈ తలక్రిందుల వ్యవహారమును నేర్పజాలడు.

కంప్యూటరు వచ్చిన పిదప బ్రెయిలీతో పని తీరినదని వాదించువారు కలరు. వారి మాటలో కొంత సత్యమున్నది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధుడు ఆరంభించి, జేమ్స్ టే అను మరియొక అంధునితో కలిసి పెంపొందించిన ఎన్.వి.డి.ఎ. యను తెరచదువరి ఉచితముగా లభించును; తెలుగును పలుకును. కాని వినుట వేరు, చదువుట వేరు. చెవితోనే చదువుకొన్న విద్యార్థికి కథ తెలియును. ‘న’యో ‘ణ’యో, ‘ల’యో ‘ళ’యో, ‘శ’యో ‘ష’యో యన్న నిశ్చయము కలుగదు. అక్షరము వ్రేలికి తగిలిననే వర్ణక్రమము మనసున నిలుచును. కావున తెరచదువరి బ్రెయిలీకి తోడే గాని బదులు కాదు.

శాసనములు ఈ విషయమును మరువలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 17వ విభాగమున బ్రెయిలీ తెలిసిన ఉపాధ్యాయులను సిద్ధపరచి నియమింపవలెననియు, నిర్దిష్ట వైకల్యముగల విద్యార్థులకు 18 ఏండ్ల వరకు పుస్తకములను, తగిన పరికరములను ఉచితముగా నీయవలెననియు చెప్పుచున్నది. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రాథమిక తరగతులలో అట్టి పిల్లలు 10 మందికి, ఆపై 8వ తరగతి వరకు 15 మందికి ఒక్కొక్క ప్రత్యేకోపాధ్యాయుడుండవలెనని నిష్పత్తిని ప్రకటించినది. ఇవి మెచ్చదగినవి. అయినను నిష్పత్తి సంఖ్యను చెప్పును గాని భాషను చెప్పదు. గురువు తమిళములోనో, ఒడియాలోనో శిక్షణ పొందినవాడైనచో, లెక్క పూర్తియైనను తెలుగుబిడ్డకు తెలుగు చదువు రాదు. పరికరమునిచ్చి శిక్షణను మరచుట ఏనుగునిచ్చి అంకుశమునకు పేచీ పెట్టుటయే యగును.

ఈ లోపమును పూరించుట తెలుగు సంఘములకు అలవికాని పని కాదు. స్థానిక భాషలో బ్రెయిలీ తెలిసిన ప్రత్యేకోపాధ్యాయుని ప్రక్కన తెలుగు వ్యాకరణము తెలిసిన పండితుని కూర్చుండబెట్టినచో, ఒకరికి లేనిది మరియొకరియొద్ద కలదు. కొత్తగా నేర్వవలసిన గడులు కొన్నియే. కావలసినది శ్రద్ధ.

సంఘములు ముందుగా తమ యింటిని చక్కబెట్టుకొనవలసిన విషయమొకటి కలదు. పాత పద్ధతి ఖతులలో కూర్చిన తెలుగు పుట చూపరికి తెలుగే; తెరచదువరికి అది అర్థములేని రోమను అక్షరముల గుంపు. ఛాయాచిత్రముగా నుంచిన పుట యొద్ద అది మూగవోవును. యూనికోడులో కూర్చిన పుటను మాత్రమే తెరచదువరి పలుకగలదు. బ్రెయిలీలోనికి మార్చుటయు దానివలననే సులభము. భాషాభిమానముతో వెలువడు ప్రత్యేక సంచికలు ఎంతటి పరిశోధనను మోసికొని వచ్చినను, పాత ఖతులలో నుండిపోయినచో తెలుగుజాతిలోని కొందరికి తలుపు మూసినట్లే. తల్లిభాష అందరిదని చాటు సంచిక ముందుగా అందరికిని చదువనగు రూపమున వెలువడుట న్యాయము.