అర మిల్లీమీటరు లెక్క

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో లక్ష్యం నడుమ ఉండే పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే కాగా, దానిని తాకవలసిన సీసపు గుండు వ్యాసం నాలుగున్నర మిల్లీమీటర్లు. గుండు అంచు ఆ చుక్కకు తగిలినా చాలునన్నది నియమం గనుక, గుండు కేంద్రం లక్ష్య కేంద్రానికి 2.5 మి.మీ. లోపల పడినంతవరకు అది పదిగానే లెక్కకు వస్తుంది. ఆ రెండున్నర మిల్లీమీటర్లనే పది సమభాగాలు చేసి 10.0 మొదలు 10.9 వరకు దశాంశాలు కడతారు కాబట్టి ఒక్కొక్క దశాంశం పావు మిల్లీమీటరుకు సమానం. 2012 లండన్ ఒలింపిక్స్ నాటికి ప్రాథమిక దశలో పూర్ణాంకాలనే లెక్కించేవారు, దశాంశాలు ఫైనల్‌కే పరిమితం. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ప్రాథమిక దశలో 598 సాధించి, ఇటలీకి చెందిన నికోలో కాంప్రియానీ కంటే ఒక పాయింటు వెనుకబడి, ఫైనల్‌లో 0.6 తిరిగి రాబట్టుకొని, చివరకు 0.4 తేడాతో రజతానికి బదులు కాంస్యం అందుకున్నారు. దశాంశాల కొలతలో ఆ తేడా, అన్ని గుండ్లకూ కలిపి, ఒక్క మిల్లీమీటరు.

2013 నుండి ప్రాథమిక దశకు కూడా దశాంశాల లెక్క వచ్చింది. అంతకుముందు 10.0 కూ 10.9 కీ అక్కడ ఒకే విలువ ఉండడం వల్ల, రైఫిల్‌లోనో గుళ్ళలోనో ఉన్న చిన్న లోపం పది వలయం లోపలే మరుగున పడిపోయేది. ఇప్పుడు అరవై గుండ్లలో ప్రతిదాని పక్కనా ఆ లోపం అంకెగా కనిపిస్తుంది. రైఫిల్‌ను సరిచేయడం, పరీక్షించడం అనే పనికి ఇంత ప్రాధాన్యం రావడానికి ఈ నియమమే ప్రధాన కారణమని చెప్పవచ్చు.

పోటీ రైఫిల్‌కు కావలసిన గుణం ఏకరూపత. అర గ్రాముకు కొంచెం ఎక్కువ బరువుండే పెల్లెట్‌ను, అనగా నడుము సన్నగా, తల చదునుగా, వెనుక భాగం బోలుగా ఉండే సీసపు గుండును, అది సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పంపుతుంది. ఆ శక్తి ఎనిమిది జౌళ్ళ లోపే, అంటే భారత ఆయుధ నియమాలు లైసెన్సు లేకుండా అనుమతించే 20 జౌళ్ళలో సగం కూడా కాదు. గొట్టం కింది సిలిండర్‌లో 200 బార్ల వరకు నింపిన గాలిని రెగ్యులేటర్ అనే భాగం చాలా తక్కువైన ఒక స్థిరమైన ఒత్తిడికి దించి, ప్రతి పేలుడుకూ అదే మోతాదు అందేలా చూస్తుంది. ఈ రెగ్యులేటర్ లోపలి సీలు అరిగితే, కాల్చేవారు ఊపిరి సర్దుకోవడానికి రెండు నిమిషాలు ఆగిన తరువాత పేల్చిన మొదటి గుండు వేగం మిగతావాటికి భిన్నంగా ఉంటుంది. పది మీటర్లు దాటే లోపల గుండు భూమ్యాకర్షణ వల్ల దాదాపు 18 మి.మీ. కిందికి దిగుతుంది గనుక, వేగంలో సెకనుకు మూడు మీటర్ల తేడా వస్తే చాలు, లక్ష్యం మీద అది అర మిల్లీమీటరుకు పైగా నిలువు తేడాగా మారుతుంది. గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ అనే పరికరాన్ని ముందుగా బయటికి తీయడం అందుకే మేలు; కాగితం మీది రంధ్రాలు నిలువుగా సాగినప్పుడు గురిని నిందించేకంటే గాలిని అనుమానించడం న్యాయం.

ట్రిగ్గర్ విషయంలో చెప్పవలసింది తక్కువ. రైఫిల్‌కు కనీస ట్రిగ్గర్ బరువు నియమం లేదు. మొదట కొంత దూరం తేలికగా కదిలి, ఒకచోట ఆగి, అక్కడినుండి కొద్దిపాటి ఒత్తిడికే విడిపోయే రెండంచెల అమరిక కాల్చేవారి వేలికి అలవాటయ్యాక దానిని మాటిమాటికీ మార్చకపోవడమే మంచిది. బట్, చెంప ఆనించే భాగం, చేతి ఆధారం కూడా అంతే. వాటికంటే తక్కువగా గుర్తింపు పొందే అంశం రైఫిల్ పక్కకు ఒరగడం. గురి చూసే రేఖ చుట్టూ రైఫిల్ ఐదు డిగ్రీలు ఒరిగితే, పైన చెప్పిన 18 మి.మీ. పతనాన్ని సరిదిద్దడానికి గొట్టానికి ఇచ్చిన ఎత్తు కూడా పక్కకు తిరిగి, గుండు ఒకటిన్నర మిల్లీమీటర్లు పక్కగా పడుతుంది. అనగా ఆరు దశాంశాల నష్టం. ఎప్పుడూ ఒకే మేరకు ఒరిగించి పట్టుకొనేవారికి దీనివల్ల హాని లేదు, సైట్‌ను ఆ మేరకు సరిచేసుకొంటే సరిపోతుంది; ఒక గుండుకు ఒరిగి మరొక గుండుకు నిటారుగా ఉండేవారు మాత్రం ఆ నష్టాన్ని గుళ్ళ నాణ్యతకు అంటగడుతుంటారు.

గుళ్ళ పరీక్ష ఈ పనిలో అన్నిటికంటే ఆసక్తికరమైనది, అన్నిటికంటే ఎక్కువగా భ్రమపెట్టేది కూడా. ఒకే పేరుతో, ఒకే తల కొలతతో, ఉదాహరణకు 4.49 లేదా 4.50 మి.మీ. అని ముద్రించిన డబ్బాల్లో సైతం, ఏ అచ్చులో, ఏ విడతలో తయారైనవన్నదాన్ని బట్టి గుళ్ళ తీరు మారుతుంది. డబ్బా వెనుక ఉండే లాట్ నంబరు ఆ విడతకు గుర్తు. రైఫిల్‌ను వైస్‌లో బిగించి, మనిషి చేతి ప్రమేయం లేకుండా, ఒక్కొక్క లాట్ నుండి కొన్ని గుళ్ళు కాల్చి, రంధ్రాలు ఎంత దగ్గరగా చేరాయో చూసి, అన్నిటికంటే చిన్న గుంపు ఇచ్చిన లాట్‌ను వేల సంఖ్యలో కొనడం వాడుక. ఇక్కడే లెక్క తప్పుతుంది. ఒకే రైఫిల్ నుండి ఒకే డబ్బాలోని గుళ్ళను ఐదేసి చొప్పున వరుసగా కాల్చినా, ఆ గుంపుల వెడల్పు సగటు కంటే పాతిక శాతం అటూ ఇటూ ఊగడం సర్వసాధారణం. కనుక పది లాట్లకు ఒక్కొక్క ఐదు గుండ్ల గుంపు తీసి అందులో చిన్నదాన్ని ఎంచుకొన్నవారు మంచి లాట్‌నే ఎంచుకొన్నారో, ఆ ఐదు గుండ్ల అదృష్టాన్నే ఎంచుకొన్నారో చెప్పడం కష్టం. గుంపు వెడల్పు దూరదూరంగా పడిన రెండు రంధ్రాల మీదనే ఆధారపడి, మిగిలినవాటి సాక్ష్యాన్ని వదిలేస్తుంది. దానికి బదులు ప్రతి రంధ్రమూ గుంపు కేంద్రానికి ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు తీస్తే, అన్ని గుండ్లూ లెక్కలోకి వస్తాయి; అలా ఒక లాట్‌కు ముప్పై, నలభై గుండ్లు వినియోగించడం వృథా ఖర్చు కాదు.

ఈ శ్రమ ఎవరికి అవసరమన్నది వేరే ప్రశ్న. చేతి వణుకు వల్ల వచ్చే చెదురు, రైఫిల్, గుళ్ళ వల్ల వచ్చే చెదురు నేరుగా కూడవు. వాటి వర్గాలు కూడి, ఆ మొత్తపు వర్గమూలం ఫలితమవుతుంది. చేతి చెదురు ఐదు మిల్లీమీటర్లున్న విద్యార్థి తన గుళ్ళ చెదురును 0.7 నుండి 0.4 మి.మీ.కు తగ్గించుకొన్నా, మొత్తం 5.05 నుండి 5.02 కు మాత్రమే దిగుతుంది, అంటే ఆచరణలో ఏమీ మారదు. చేతి చెదురు ఒక మిల్లీమీటరే ఉన్న క్రీడాకారునికి అదే మార్పు 1.22 ను 1.08 కి దించుతుంది. తల్లిదండ్రులు మొదటి ఏడాదిలోనే ఖరీదైన విదేశీ గుళ్ళను డబ్బాల కొద్దీ కొనిపెట్టడం, ఈ లెక్క ప్రకారం, అత్యుత్సాహమే. ఆ డబ్బును రేంజ్‌లో మరికొన్ని గంటల సాధనకు ఖర్చు చేయడం తెలివైన పని.

పరీక్షకు తగిన వైస్ ప్రతి రేంజ్‌లోనూ దొరకదు. అది లేనిచోట బల్ల మీద ఇసుక సంచిపై రైఫిల్‌ను ఆనించి కాల్చడం ఒక మార్గం. అప్పుడు సంచి కూర్పు, భుజం ఒత్తిడి కూడా ఫలితంలో కొంత కలుస్తాయి గనుక దగ్గరదగ్గరగా ఉన్న రెండు మంచి లాట్లలో ఏది మెరుగో ఆ పద్ధతి చెప్పలేదు గాని, గొట్టానికి సరిపడని లాట్‌ను గుర్తించి పక్కన పెట్టడానికి సరిపోతుంది. గొట్టాన్ని శుభ్రం చేసిన వెంటనే పడిన తొలి గుండ్లను, సిలిండర్ ఒత్తిడి రెగ్యులేటర్ స్థాయికి దిగిపోయాక పడిన చివరి గుండ్లను ఈ లెక్కలో కలపకూడదు. స్టాక్ మరలను ఏ బలంతో బిగించారో అదే బలంతో పరీక్ష ముగిసేదాకా ఉంచి, ఆ విలువను లాట్ నంబరు పక్కనే రాసి పెట్టుకోవాలి.