వరస దాటని వేళ్లు

కీత్ జారెట్ అనగానే అందరూ 1975 నాటి కొలోన్ కచేరీ దగ్గరికే వెళతారు. నేనూ చాన్నాళ్లు అంతే. ముందుగా ఏమీ రాసుకోకుండా గంటకు పైగా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయిన మనిషి మరి! అందుకే 1999లో ఈసీఎమ్ తెచ్చిన 'ది మెలొడీ ఎట్ నైట్, విత్ యూ' మొదటిసారి విని నిరాశపడ్డాను. ఎక్కడా ఎగరడేం? హోటల్ లాబీలో వినిపించే పియానోకీ దీనికీ తేడా ఏమిటి? పక్కన పెట్టేశాను.

1996లో జారెట్‌కి క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ వచ్చింది. కచేరీలు ఆగిపోయాయి. కాస్త కోలుకుంటున్న రోజుల్లో, న్యూజెర్సీలోని తన ఇంటి స్టూడియోలో, భార్యకు క్రిస్మస్ కానుకగా ఇద్దామని పాత పాటలు కొన్ని రికార్డు చేయడం మొదలుపెట్టాడు. ఈ ఆల్బమ్ అలా పుట్టింది. జబ్బుమనిషి కదా అని మార్కులు వేయడం నాకిష్టం లేదు. చెవికి ఏం వినిపిస్తోందన్నదే లెక్క.

గెర్‌ష్విన్ 'ఐ లవ్స్ యూ, పోర్గీ' వినండి. వరసని దాదాపు ఉన్నదున్నట్టే వాయిస్తాడు. ఒక్కో పాదం చివరి స్వరాన్ని పూర్తిగా ఆరిపోనిచ్చి గాని తరవాతి దానికి వెళ్లడు. వాయిస్తూ మూలగడం, కూనిరాగాలు తీయడం ఆయనకి మామూలు. ఇక్కడ అవీ దాదాపు లేవు. సంగతులన్నీ తగ్గించుకుని కృతిని నిదానంగా పాడితే సాహిత్యం హఠాత్తుగా వినపడుతుంది చూడండి, అలా. పాడేవాళ్లెవరూ లేకపోయినా మాటలు ఉన్నట్టే ఉంటుంది. హోటల్ పియానో ఖాళీని భరించలేదు, అలంకారాలతో నింపేస్తుంది. తేడా అదీ. నాకు పట్టుబడడానికి చాలా ఏళ్లు పట్టింది.

అన్నీ ఒకే ఎత్తున లేవు. 'బీ మై లవ్'లో తీపి ఎక్కువైంది. 'బ్లేమ్ ఇట్ ఆన్ మై యూత్' మాత్రం, పాట అయ్యాక ఆగకుండా 'మెడిటేషన్' అనే తన సొంత కల్పనలోకి జారుతుంది. పాత జారెట్ ఇక్కడ తలుపు సందులోంచి ఓసారి తొంగిచూస్తాడు, అంతే.

2018లో ఆయనకి రెండుసార్లు స్ట్రోక్ వచ్చింది. ఎడమచెయ్యి పడిపోయింది. 2020లో ఆ వార్త చదివిన రాత్రి ఈ ఆల్బమే మళ్లీ పెట్టుకున్నాను. 'షెనాండో' అనే జానపద గీతం వచ్చేసరికి వరసని వదిలేసి కింది స్వరాల మీదే చెవి పెట్టి కూర్చున్నాను. అవి ఎంత తక్కువో, ఎంత చూసుకుని వేసినవో!