బాకీ సర్కారుది, తాకట్టు మా సర్టిఫికెట్లు

ఫీజు కోసం కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుకోవడాన్ని అడ్డుకునే ప్రయత్నాలు ఈ దేశంలో జరగలేదని ఎవరూ అనలేరు. జరిగాయి. అవి ఏ విద్యార్థిని కళ్ళముందు పెట్టుకుని రాసినవన్నదే మా ప్రశ్న.

2010లో విద్యాసంస్థల అక్రమ పద్ధతులను నిషేధించే బిల్లు లోక్‌సభకొచ్చింది. చేరేటప్పుడు విద్యార్థి ఇచ్చిన పత్రాలను, అతను చదవదలచుకోని కోర్సుకు ఫీజు గుంజడానికి ఆపకూడదంది. 2014లో ఆ సభతోపాటే మురిగిపోయింది. 2018 అక్టోబరులో యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగివ్వాలి, సీటు వదులుకున్నవాళ్ళకి ఫీజు వాపసివ్వాలి అంది. మంచిదే. కానీ రెండింటిలో కనిపించే విద్యార్థి ఒక్కడే: ఇంకో మంచి సీటొచ్చి ఈ కాలేజీ వదిలిపోయేవాడు. నాలుగేళ్ళు అక్కడే చదివి, పాసై, టీసీ కోసం ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డవాడు కనిపించడు. ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన మాలాంటోళ్ళం ఎక్కువమంది ఆ కిటికీ దగ్గరివాళ్ళమే. టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్ మేము అప్పగించినవి కావు, కాలేజీ ఇవ్వాల్సినవి. మార్కుల మెమోలు కూడా యూనివర్సిటీ నుంచి చాలాసార్లు కాలేజీ చేతికే వస్తాయి. తీసుకున్నవి తిరిగివ్వమన్న మాట వీటికి అంటదు.

అసలీ బాకీ ఎవరిది? ఎస్సీల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నాటిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు బీసీలకూ ఇతర పేదలకూ వచ్చింది. ఆ పేరులోనే ఉంది చిక్కంతా. తిరిగి చెల్లించడమంటే ముందు ఎవరో ఒకరు కట్టుండాలి గదా! సర్కారు ఏళ్ళతరబడి ఇవ్వదు, కాలేజీ లెక్కల పుస్తకంలో బాకీ మాత్రం పిల్లవాడి పేరు మీద ఉంటుంది. 2021-22 నుంచి ఎస్సీ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తున్నారు. మధ్యలో తినేవాళ్ళను తప్పించారని మెచ్చుకున్నోళ్ళున్నారు. ఆలస్యమైతే కాలేజీ ఎవర్ని పట్టుకుంటుందో వాళ్ళు ఆలోచించలేదు.

2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ చేశాయి. లెక్చరర్లకు జీతాలివ్వలేకపోతున్నామన్న వాళ్ళ మాట అబద్ధమని మేము అనం. కానీ సర్కారు కాగితాలేవీ వాళ్ళ బీరువాల్లో లేవు, మావున్నాయి. అందుకే ఒత్తిడి మామీద. డీఎస్సీ, కానిస్టేబుల్ వెరిఫికేషన్‌కి తేదీ పడ్డాక అమ్మ మెడలోది కుదువబెట్టో, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చో కడతారు. తర్వాత సర్కారు డబ్బొస్తే కాలేజీ మనకు తిరిగిస్తుందా అంటే, దానికి మళ్ళీ కాళ్ళరిగేలా తిరగాలి.

బాకీకి వస్తువు ఆపుకునే హక్కు అందరికీ లేదు. 1872 కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ సాధారణ బాకీకి ఆ హక్కును బ్యాంకర్లకు, ఫ్యాక్టర్లకు, రేవు గిడ్డంగులవాళ్ళకు, హైకోర్టు అటార్నీలకు, పాలసీ బ్రోకర్లకు ఇచ్చింది. మిగతావాళ్ళకు అలాంటి ఒప్పందం స్పష్టంగా ఉంటేనే. ఈ జాబితాలో కాలేజీ లేదు. పాత బాకీ చూపి మనిషిని పాలేరుగా కట్టిపడెయ్యడం 1976 వెట్టి నిర్మూలన చట్టంతో నేరమైంది. పరాయివాడి బాకీకి మనిషి ఉద్యోగాన్ని కట్టిపడేస్తే ఏమనాలో మన శాసనకర్తలకింకా తోచలేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా 2019లో ఒక చట్టం చేసింది, 2020 జనవరి నుంచి అమలైంది. బాకీ ఎందుకైందన్న ఆరా అందులో లేదు. ట్రాన్‌స్క్రిప్ట్‌ను, అంటే మార్కుల పత్రాన్ని, బాకీ వసూలుకు సాధనంగా వాడకూడదు, అంతే. బాకీ మాఫీ కాలేదు; వసూలు చేసుకోవడానికి వేరే దారులు అలాగే ఉంచారు. అక్కడ కులం పేరుతో కాకపోయినా పేదలూ నల్లవాళ్ళూ మొదటి తరం విద్యార్థులే ఇందులో ఎక్కువగా నలిగారు. ఆ ఒక్క వాక్యం మన చట్టంలో రావాలని మేమడుగుతున్నాం, టీసీ పేరూ మెమో పేరూ విడివిడిగా చెప్పి మరీ. కాలేజీకి రావాల్సింది సర్కారు దగ్గర రాబట్టుకోవడానికి కోర్టులున్నాయి, వకీళ్ళను పెట్టుకునే స్తోమత యాజమాన్యాలకుంది.