రోగి వేళ్లే కొలబద్ద

కడుపు ఆపరేషన్ అయ్యాక పేగులు కొన్నాళ్లు మొద్దుబారతాయి. గ్యాస్ పోయిందా అని నర్సు పూటపూటా అడిగేది అందుకే. చైనా, తైవాన్ ఆసుపత్రుల్లో కొందరు నర్సులు అడగడంతో ఆగరు. మణికట్టు లోపలివైపు మడత నుంచి మూడు వేళ్ల వెడల్పు పైకి కొలిచి, బొటనవేలితో నొక్కుతారు. అది వికారానికి. మోకాలిచిప్ప దిగువన నాలుగు వేళ్లు కొలిచి, ఎముకకు బయటివైపు నొక్కేది పేగుల కదలికకు. కొలత నర్సు వేళ్లతో కాదు, రోగి వేళ్లతో! నాకు మహా నచ్చిన సంగతి ఇదే. నొక్కేదంతా కుట్లకు దూరంగానే. వికారం విషయంలో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్ష ఒకటి 2015లో ఈ నొక్కుడుకు అండగా నిలిచింది. పేగుల విషయంలో ఆధారాలింకా పలచనే. మందులు, నడక ఎటూ తప్పవు. నొక్కుతున్నంతసేపూ నర్సు చూపు రోగి ముఖం మీదే. కాలు వాచి, రక్తం గడ్డకట్టిందన్న అనుమానం వస్తే మాత్రం ముట్టదు. వెంటనే డాక్టర్ని పిలుస్తుంది.