పొట్టు తాగడానికి ముందు

చేవెళ్ల మెడికల్ షాపులో ఈ వారం నారింజ రుచి ఇసబ్‌గోల్ డబ్బా చూసి ఒళ్లు మండింది. పొట్టు తీసిన బియ్యం తిని, గుజరాత్‌లోని ఉంఝా మార్కెట్ నుంచి వచ్చే పొట్టు కొనుక్కుని తాగుతున్నాం!

నా జొన్నల పిచ్చి ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికనే మళ్లీ చెబుతాను: 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాములకు పైనే, పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు.

మా నాయనమ్మ వేడినీళ్లు పోసి పిండి కలిపి రొట్టె చరిచే చప్పుడుకే పిల్లలం లేచేవాళ్లం. పెంక మీంచి తీసిన రొట్టెలో పుంటికూర పెట్టి ఇచ్చేది. జీవితమంతా జొన్నలే తిన్న మనిషి. కడుపు సాఫీగా ఉండాలి కదా? ఆముదం సీసా ఆమె మంచం కిందే ఉండేది. ఇంట్లో మరుగుదొడ్డి లేదు. తెల్లవారకముందు వెళ్లాలి, లేదంటే చీకటి పడ్డాక. పగలంతా ఆపుకోవడమే. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు మలంలోని నీటిని పీల్చేస్తుంది, అది గట్టిపడుతుంది. పైగా రాత్రి లేవాల్సివస్తుందని పొద్దుగూకితే ఆమె నీళ్లు ముట్టేది కాదు.

ఇసబ్‌గోల్ పనంతా నీళ్లతోనే. నీరు పీల్చి బంకలా ఉబ్బుతుంది, మలం మెత్తబడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి పేగు కదులుతుంది. నిండు గ్లాసుతో తాగకపోతే గొంతులోనో పేగులోనో అడ్డుపడవచ్చు. రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి, వేరే మాత్రలకు రెండు గంటల ఎడమివ్వాలి. రక్తం పడినా, ఉన్నట్టుండి అలవాటు మారినా డాక్టర్ దగ్గరికే. పళ్లూడినవాళ్లకు నా రొట్టె కన్నా ఇదే నయం. నారింజ రుచి ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

చందనవెల్లి పారిశ్రామిక పార్కుకు బస్సెక్కే ఒక అమ్మాయి సాయంత్రం నిండు సీసాతోనే దిగింది. నీళ్లెందుకు తాగలేదమ్మా అంటే, “షిఫ్టు నడుమ మాటిమాటికి లేస్తే సూపర్‌వైజర్ మాటలు పడాలె సార్” అంది. ఆమెకు జొన్నరొట్టె గురించి చెప్పబోయి ఊరుకున్నాను. ఇసబ్‌గోల్ పేరైతే ఎత్తనే లేదు.